పల్లం వైపు మొహం

పాత డీజిల్ కారు పొద్దున పూట స్టార్ట్ కావడం లేదని ఎవరితోనైనా అని చూడండి. మొదట ‘బ్యాటరీ’ అంటారు. బ్యాటరీ బాగానే ఉందంటే, ఇక ‘ఇంజన్ అయిపోయింది’ అంటారు. ఈ రెండు మాటలకీ మధ్యన కనీసం పది చిన్న చిన్న విషయాలున్నాయి. వాటిలో సగం వంద రూపాయల లోపు తేలిపోయేవే. కానీ వాటిని ఒకదాని తర్వాత ఒకటి చూడాలంటే తెల్లవారుజామున చలిలో నిలబడాలి, పొగ రంగు చూడాలి, సెల్ఫ్ మోత వినాలి. ‘అయిపోయింది’ అనడానికి ఇవేం అక్కర్లేదు.

మా ఇంట్లో ఆ మాట 2009 డిసెంబర్‌లో వినబడింది. మదనపల్లెలో మా నాయనకి ఒక డీజిల్ అంబాసిడర్ ఉండేది. 1994 మోడల్. ఆయన దగ్గరికి వచ్చేసరికే రెండు చేతులు మారింది. దాన్ని బాడుగకి తిప్పేవాడు. పెళ్ళిళ్ళకి, తిరుపతికి, అన్నిటికంటే ఎక్కువగా వేలూరు ఆసుపత్రికి. మా వైపు పెద్ద జబ్బు అంటే వేలూరే. పొద్దున ఎనిమిదికి అక్కడ ఉండాలంటే ఇక్కడ నాలుగింటికి బయల్దేరాలి. నాలుగింటికి బయల్దేరాలంటే మూడున్నరకి బండి స్టార్ట్ కావాలి. నీరుగట్టువారిపల్లె నుంచి ఒక చేనేత దంపతులు ప్రతి నెలా మూడో మంగళవారం వెళ్ళేవాళ్ళు. ఆవిడకి కిడ్నీ జబ్బు. బండి రాకపోతే వాళ్ళకి ఇంకో దారి లేదు. మొదటి బస్సు పట్టుకుంటే ఆ రోజు డాక్టరు దొరకడు.

డిసెంబర్ మొదటి వారానికి బండి పరిస్థితి ఇదీ. తాళం తిప్పితే సెల్ఫ్ గట్టిగానే తిరుగుతుంది. మొదటి రెండు సార్లు పొగ గొట్టంలోంచి ఏమీ రాదు. మూడోసారికో నాలుగోసారికో తెల్లటి పొగ, కళ్ళు మండే వాసన. ఆ తర్వాత డబడబమని ఒళ్ళంతా ఊపుకుంటూ అంటుకుంటుంది. రెండు నిమిషాలకి సర్దుకుంటుంది. ఇక రోడ్డెక్కితే దాన్ని మించిన బండి లేదు.

బైపాస్ దగ్గర ఒక షెడ్డులో చూపిస్తే, బానెట్ కూడా పూర్తిగా ఎత్తకుండానే రింగులు పోయాయన్నారు. హాఫ్ ఇంజన్ పని చేయించాలి, 32 వేలు. అదే వారం ఒక బ్రోకరు బండిని 30 వేలకి అడిగాడు. ఇంట్లో ఉన్నది జూన్‌లో నా ఎమ్మెస్సీ కోసం దాచిన డబ్బు, అంతే. ఆ లెక్క ఎవరూ పైకి అనలేదు గానీ అన్నం దగ్గర అందరూ అదే వేసుకుంటున్నారని తెలుస్తూనే ఉంది.

నాకప్పుడు బీఎస్సీ ఆఖరి సంవత్సరం, ఫిజిక్స్. డీజిల్ ఇంజన్ గురించి పుస్తకంలో ఒక పేజీన్నర ఉంది. ఆ పేజీన్నరలోనే ఈ జబ్బంతా ఉంది నిజానికి. పెట్రోలు ఇంజన్‌లో ప్లగ్గు నిప్పురవ్వ కొడుతుంది, పెట్రోలు అంటుకుంటుంది. డీజిల్‌కి రవ్వ లేదు. గాలిని నొక్కుతారు. నొక్కిన గాలి వేడెక్కుతుంది. సైకిల్ పంపు కొట్టినప్పుడు చివర వేలికి చురుక్కుమంటుందే, అదే సంగతి, ఎన్నో రెట్లు. ఆ వేడి గాలిలోకి నాజిల్ డీజిల్‌ని తుంపరగా కొడితే దానంతటదే మండుతుంది. రుడాల్ఫ్ డీజిల్ అనే జర్మన్ ఇంజనీరు 1897 నాటికి దీన్ని నడిపి చూపించాడు. 1913 సెప్టెంబర్‌లో ఒక రాత్రి ఇంగ్లండ్ వెళ్తున్న ఓడలోంచి మాయమయ్యాడు. పడ్డాడా, దూకాడా, తోశారా అని ఇప్పటికీ వాదించుకుంటారు. నాయనకి ఈ కథ చెప్తే, ‘పాపం, ఆయప్పకి ఏం ఇబ్బందులో’ అన్నాడు.

అంబాసిడర్ డీజిల్ ఇంజన్ 1489 సీసీ. బ్రిటన్‌లోని బీఎమ్‌సీ డిజైను. గాలిని దాదాపు ఇరవై మూడో వంతుకి నొక్కుతుంది. లెక్క వేస్తే, బయట 15 డిగ్రీలున్న గాలి వేడి పోకుండా అంత నొక్కుడుకి గురైతే 736 డిగ్రీలకి చేరాలి. కాగితం మీద. అసలు సిలిండర్‌లో ఇనుప గోడలు చల్లగా ఉంటాయి, వేడిని లాగేస్తాయి. సెల్ఫ్ నెమ్మదిగా తిరిగితే లాక్కోడానికి వాటికి ఇంకా టైము దొరుకుతుంది. రింగులు అరిగితే గాలి పక్కనుంచి జారిపోతుంది. పైగా ఈ ఇంజన్‌లో డీజిల్ మండడం మొదలయ్యేది సిలిండర్‌లో కాదు, పైన హెడ్డులో ఉన్న చిన్న గదిలో. ఆ గది గోడలు కూడా చల్లనివే. అందుకే అక్కడ హీటర్ ప్లగ్గులు పెట్టారు, సిలిండర్‌కి ఒకటి. స్టార్ట్ చేసే ముందు కాసేపు ఎర్రగా కాలి గాలికి సాయం పడతాయి.

అంటే పొద్దున పూట డీజిల్ బండి కదలాలంటే కావలసినవి మూడే. తగినంత వేగంగా తిరగాలి, తగినంత వేడి పుట్టాలి, డీజిల్ అందాలి. తిరగడం బ్యాటరీ, సెల్ఫుల పని. వేడి హీటర్ ప్లగ్గులది, రింగులది, వాల్వులది. మిగిలింది డీజిల్ ట్యాంకు నుంచి నాజిల్ దాకా వచ్చే దారి. ఈ మూడింట్లో ఏది తప్పిందో పొగే చెప్తుంది. ఇది నాకు పుస్తకం చెప్పలేదు, డిపో పెదనాయన చెప్పాడు.

ఆయన ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరైన మనిషి. మాకు చుట్టం కాదు. నాయన ‘అన్నా’ అనేవాడు కాబట్టి నాకు పెదనాయన. బండి చూడమని పిలిస్తే మా ఇంటి అరుగు మీద కూర్చుని కాఫీ తాగుతూ ప్రశ్నలు అడిగాడు. బండి దగ్గరికి పోనే లేదు.

“సెల్ఫ్ కొట్టేటప్పుడు పొగ వస్తాందా, రాలేదా?”

“మొదట రాదు పెదనాయనా. తర్వాత తెల్లగా వస్తుంది.”

“ఎన్నో సెల్ఫుకి?”

ఎన్నో సెల్ఫుకో నాయన చెప్పలేకపోయాడు. ‘ఒకోరోజు ఒకోలాగ’ అన్నాడు. పెదనాయన నా వైపు తిరిగి, “పాపా, నువ్వు సదువుకుంటా ఉండావు గదా, పది దినాలు రాసిపెట్టు. ఎన్నిగంటలకి, ఎన్ని సెల్ఫులు, పొగ ఏ రంగు, బండి యాడ పెట్టినారు. అంతే. అది చూసినాక బానెట్ ఎత్తుతా” అన్నాడు.

పొగ గురించి ఆయన చెప్పింది తర్వాత ఎన్నో బళ్ళ దగ్గర పనికొచ్చింది. సెల్ఫ్ కొడుతున్నా పొగే లేదంటే డీజిల్ సిలిండర్‌లోకి చేరడం లేదు. తెల్ల పొగ వస్తోందంటే చేరుతోంది, కానీ మండడం లేదు, పచ్చిగా ఆవిరై బయటికి వస్తోంది. అంటే వేడి చాలట్లేదు. నల్ల పొగ అంటే మండుతోంది కానీ గాలి చాలట్లేదు. మా బండిలో మొదట పొగ లేదు, తర్వాత తెల్ల పొగ. “రెండు రోగాలుండాయి. ఒకటి అనుకోని ఎతుకుతే రెండూ దొరకవు” అన్నాడు. షెడ్డు వాళ్ళ మాట ఎత్తితే నవ్వి ఊరుకున్నాడు.

నోట్‌బుక్ ఇప్పటికీ నా దగ్గరుంది. మొదటి నాలుగు రోజుల పంక్తులు ఇంచుమించు ఒకేలా ఉంటాయి: గుడి పక్క ఖాళీ స్థలం, 5 సెల్ఫులు, రెండు సార్లు పొగ లేదు, తర్వాత తెలుపు, ఊపు. ఐదో రోజు వేలూరు ట్రిప్పు. నేను కూడా వెళ్ళాను. అక్కడ పార్కింగ్‌లో చదును నేల మీద ఆరు గంటలు నిలబెట్టారు. మధ్యాహ్నం రెండున్నర, చెమట్లు పట్టే ఎండ. అయినా మూడు సెల్ఫులు, మొదటి రెండింటికీ పొగ లేదు. కానీ అంటుకున్నాక ఊపు మాత్రం లేదు. ఆ పంక్తి కింద నేను రెండు గీతలు గీసి ఉన్నాను. ఎండలో కూడా మొండికేసిందంటే మొదటి రోగానికి చలితో సంబంధం లేదు.

మరి డిసెంబర్‌లోనే ఎందుకు మొదలైంది? చలి వచ్చింది కాబట్టి అని అందరం అనుకున్నాం. కానీ చలితో పాటే ఇంకోటి కూడా మారింది. మా వీధి పల్లం. నాయన బండిని ఎప్పుడూ ఇంటి ముందు పల్లం వైపు మొహం పెట్టి నిలిపేవాడు. బ్యాటరీ ఎప్పుడైనా దెబ్బతింటే బ్రేకు వదిలి, దొర్లించి, గేరులో స్టార్ట్ చేసుకోవచ్చని. బాడుగ బండ్ల వాళ్ళందరికీ ఉండే అలవాటే అది. దీపావళి అయ్యాక వీధిలో కాలవ పని మొదలైంది, ఇంటి ముందు చోటు పోయింది. అప్పటి నుంచి బండి గుడి పక్కన, మిట్ట వైపు మొహం పెట్టి నిలబడుతోంది.

అంబాసిడర్‌లో డీజిల్ ట్యాంకు వెనక, డిక్కీ కింద ఉంటుంది. మొహం పల్లానికి పెడితే ట్యాంకు ఇంజన్ కంటే పైన. మిట్టకి పెడితే ఇంజన్ పైన, ట్యాంకు కింద. దారిలో ఎక్కడైనా సన్నటి సందు ఉందనుకోండి, రాత్రంతా అక్కడినుంచి గాలి దూరుతుంది, పైపులోని డీజిల్ మెల్లగా ట్యాంకులోకి వెనక్కి జారిపోతుంది. పొద్దున సెల్ఫ్ కొడితే ముందు ఆ ఖాళీ పైపు నిండాలి. అందుకే మొదటి రెండు సార్లు పొగ లేదు. డీజిల్ ఇంజన్ గాలిని సహించదు. నొక్కితే డీజిల్ నొక్కుకోదు కాబట్టి పంపు తోసినంతా నాజిల్ దగ్గర బయటికొస్తుంది. మధ్యలో బుడగ ఉంటే ఆ బుడగ నొక్కుకుని మళ్ళీ ఉబ్బుతుంది. నాజిల్ తెరుచుకోనే తెరుచుకోదు.

ఈ అనుమానం పరీక్షించడానికి పైసా ఖర్చు లేదు. ఆ రాత్రి అదే స్థలంలో బండిని తిప్పి పల్లం వైపు మొహం పెట్టమన్నాడు పెదనాయన. పొద్దున అదే చలి. మొదటి సెల్ఫుకే తెల్ల పొగ, రెండోదానికి అంటుకుంది, డబడబమని ఊపుతూనే. మర్నాడు మిట్టకి తిప్పాం. ఐదు సెల్ఫులు. ఆ తర్వాతి రోజు మళ్ళీ పల్లానికి. రెండు. నోట్‌బుక్ చూసి పెదనాయన, “అరిగిన రింగులకి బండి ఎటు జూస్తా ఉండాదో ఎట్ల తెలస్తాది అబ్బోడా?” అన్నాడు నాయనతో. 32 వేల మాట ఆ రోజుతో ఇంట్లో ఆగిపోయింది.

అప్పుడు బానెట్ ఎత్తాడు. ముందు తేలికైనవి. బ్యాటరీ నిలకడగా 12.6 వోల్టులు చూపించింది, సెల్ఫ్ కొట్టేటప్పుడు 10కి దిగువకి పోలేదు. దానికి సెలవిచ్చేశాం. స్టాప్ నాబ్ కేబుల్ పూర్తిగా లోపలికి వెళ్తోందా చూశాడు. అది సగంలో ఇరుక్కుంటే పంపు డీజిల్ వదలదు. ఫిల్టర్ అడుగున మర విప్పి గాజు సీసాలోకి కాస్త డీజిల్ పట్టి కాసేపు కదపకుండా ఉంచాడు. నీళ్ళుంటే అడుక్కి దిగుతాయి. లేవు.

తర్వాత హీటర్ ప్లగ్గులు. మా బండిలో నాలుగింటి నెత్తి మీదా ఒకే పట్టీ ద్వారా కరెంటు వస్తుంది. పట్టీ తీసేసి ఒక్కో ప్లగ్గు తలకీ ఇంజన్ ఇనుముకీ మధ్య మల్టీమీటరు పెట్టాను. మంచి ప్లగ్గు ఒక ఓమ్ అటూ ఇటూ చూపిస్తుంది. మొదటిది, రెండోది, నాలుగోది చూపించాయి. మూడోది ఏమీ లేదు, తీగ తెగిపోయింది. ఊపుకి కారణం అదే. మూడు సిలిండర్లు అంటుకుని, నాలుగోది పచ్చి డీజిల్‌ని తెల్ల పొగగా వదులుతూ, మిగతా వాటి వేడికి తను కూడా వేడెక్కాక గానీ కలిసేది కాదు. వేలూరు ఎండలో ఊపు లేకపోవడం కూడా దీంతో సరిపోయింది. ఇంకా పాత రకం బళ్ళలో ప్లగ్గుల్ని గొలుసులా ఒకదాని తర్వాత ఒకటి కలిపేవాళ్ళు, అప్పుడు ఒకటి పోతే నాలుగూ పోయినట్టే. పట్టీ పద్ధతిలో ఒకటి పోయినా తెలియదు, బండి గుట్టుగా నెట్టుకొస్తుంది. కొత్త ప్లగ్గు 280 రూపాయలు. ఒక్కటే కొన్నాం.

ఈ సందర్భంలో ఒక మాట. స్టార్ట్ కాని డీజిల్ బండికి గాలి ఫిల్టర్ దగ్గర మండే స్ప్రే కొట్టమని సలహా ఇచ్చేవాళ్ళుంటారు. హీటర్ ప్లగ్గులున్న ఇంజన్‌కి ఆ పని చేయకండి. ఎర్రగా కాలిన ప్లగ్గు మీద అది పడితే పిస్టన్ పైకి రాకముందే పేలుతుంది, లోపల ఏదో ఒకటి విరుగుతుంది. అప్పుడు నిజంగానే ఇంజన్ అయిపోతుంది.

ప్లగ్గు మార్చాక ఊపు పోయింది. మిట్ట వైపు పెడితే మాత్రం ఇంకా నాలుగు సెల్ఫులు పట్టేది. గాలి ఎక్కడినుంచి దూరుతోందో తెలియాలి. ట్యాంకు నుంచి ఇనుప పైపు ఛాసీ వెంబడి ముందుకి వస్తుంది, అక్కడినుంచి రబ్బరు పైపు, ఆపైన ఇంజన్ పక్కనే ఉండే చిన్న లిఫ్ట్ పంపు, ఫిల్టర్, అసలు డీజిల్ పంపు. పెదనాయన ఇళ్ళు కట్టే మేస్త్రీ దగ్గర నుంచి మట్టం చూసే గొట్టం మూరెడు ముక్క తెచ్చాడు. నీళ్ళు పోసి గోడల మట్టం చూస్తారే, ఆ అద్దం లాంటి ప్లాస్టిక్ గొట్టం. దాన్ని లిఫ్ట్ పంపుకీ ఫిల్టర్‌కీ మధ్య బిగించాడు. రాత్రి నిండుగా ఉన్న గొట్టం పొద్దునకి సగం ఖాళీ. తాళం తిప్పితే లోపల బుడగలు పూసల దండలా పరిగెత్తాయి. అన్ని రోజులూ ఊహించుకుంటున్న దాన్ని టార్చి వెలుగులో కళ్ళతో చూడడం నాకు భలే అనిపించింది. ఫిజిక్స్ ల్యాబులో మూడేళ్ళుగా అలా ఎప్పుడూ అనిపించలేదు.

ఆ తర్వాతి పరీక్ష నాకు అన్నిటికంటే ఇష్టమైనది. ఐదు లీటర్ల డబ్బాలో డీజిల్ పోసి, పాత పైపుని పక్కకి తప్పించి, డబ్బా నుంచి లిఫ్ట్ పంపుకి నేరుగా కొత్త గొట్టం వేశాడు. నేను డబ్బాని బానెట్ కొక్కేనికి తగిలించబోతే వద్దన్నాడు.

“పైన పెడితే ఏం తెలస్తాది పాపా? పైన్నుంచి డీజిల్ దిగతానే ఉంటాది, సందున్నా కనపడదు. కింద పెట్టు, చక్రం పక్కన. ట్యాంకు కంటే కిందనే ఉండల్ల.”

డబ్బా నేల మీద పెట్టాం. రాత్రంతా నాయన రెండుసార్లు లేచి వెళ్ళి ఎవరైనా ఎత్తుకుపోయారేమోనని చూసొచ్చాడు. పొద్దున మిట్ట వైపు మొహం, చలి, ఒకే సెల్ఫు. అంటే లిఫ్ట్ పంపు మంచిదే, ఫిల్టర్ వాషర్లు మంచివే, పెద్ద పంపు దాకా అంతా మంచిదే. తప్పు వదిలేసిన పాత దారిలోనే ఉంది.

ఇక వెతకాల్సింది ఆ దారి ఒక్కటే. ఛాసీ పైపుని లిఫ్ట్ పంపుకి కలిపే జానెడు రబ్బరు పైపు. కింద డీజిల్ చుక్క ఒక్కటి కూడా పడేది కాదు. అందుకే ఎవరి కంటా పడలేదు. డీజిల్ కారలేనంత సన్నటి సందులోంచి కూడా గాలి దూరుతుంది. కానీ క్లిప్పు పక్కన ఒక వేలెడు మేర మట్టి నల్లగా, తడిగా పేరుకుని ఉంది. మిగతా పైపంతా పొడి దుమ్మే. పెదనాయన దాన్ని గోటితో గీకి, “డీజిల్ తగిలిన చోటే దుమ్ము అతుక్కుంటాది” అని పైపు విప్పి వంచాడు. క్లిప్పు కింద రబ్బరు ఎండి, వెంట్రుకంత పగులు. పల్లానికి పెట్టిన రాత్రుల్లో అక్కడే కాస్త చెమర్చి ఉంటుంది. పైపు ముక్క 35 రూపాయలు, రెండు క్లిప్పులు 20.

బిగించాక గాలి తీయాలి. ఇది చేసే వాళ్ళని చూస్తే వంట చేసే వాళ్ళని చూసినట్టుంటుంది. లిఫ్ట్ పంపు మీది చిన్న మీటని చేత్తో కొడుతూ ఫిల్టర్ మీద మర కొంచెం వదులు చేస్తారు, నురగ వస్తుంది. నురగ ఆగి తేటగా డీజిల్ వచ్చాక బిగిస్తారు. తర్వాత పంపు మీది మరలు. చివరికి నాజిల్ పైపుల నట్లు కాస్త సడలించి సెల్ఫ్ కొడతారు, చిందులు మొదలయ్యాక ఒక్కొక్కటే బిగిస్తూ వస్తారు. నాలుగోది బిగించేలోపే ఇంజన్ అంటుకుంది.

నాలుగు రోజులకి మూడో మంగళవారం. మూడు నలభైకి నాయన తాళం తిప్పాడు. నోట్‌బుక్‌లో ‘మిట్ట, 1, పొగ లేదు’ అని ఉంది. ఈసారి పొగ లేకపోవడం వేరే సంగతి. అమ్మ అప్పటికే లేచి ఫ్లాస్కులో కాఫీ పోస్తోంది. బ్రోకరుకి ఫోన్ చేసి చెప్పాలా అని నాయన అడిగితే, ‘ఆయనే చేస్తాడులే’ అంది. జనవరిలో కాలవ పని అయిపోయింది. బండి మళ్ళీ ఇంటి ముందుకి వచ్చింది, మళ్ళీ పల్లం వైపే మొహం పెట్టుకుని. ఇప్పుడు ఆ అవసరం లేదని నేనంటే నాయన విననట్టే ఊరుకున్నాడు.

ఏప్రిల్‌లో ఇంకోటి మొదలైంది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఒక్క సెల్ఫు చాలు. వేలూరు నుంచి తిరిగొస్తూ పలమనేరులో టీకి ఆపితే మాత్రం, పది నిమిషాల తర్వాత సెల్ఫ్ ఎంత తిరిగినా ఇంజన్ పలకదు, పొగ రాదు. వేడి మీద. అంటే ఇన్నాళ్ళ రోగానికి సరిగ్గా తిరగబడిన రోగం. ఫోన్ చేస్తే పెదనాయన పంపు మీద తడిగుడ్డ వేసి చూడమన్నాడు. డీజిల్ పంపు లోపల రోటరు దాని ఇంట్లో దాదాపు సందే లేకుండా తిరుగుతుంది. ఏళ్ళ తరబడి అరిగితే సందు పెరుగుతుంది. డీజిల్ చల్లగా, చిక్కగా ఉన్నప్పుడు ఫరవాలేదు. కాగి పలచబడ్డాక ఆ సందులోంచే జారిపోతుంది, సెల్ఫ్ వేగానికి నాజిల్ తెరిచేంత ఒత్తిడి రాదు. పంపు చల్లబడ్డాక స్టార్ట్ అయితే రోగం పంపుదేనని తేలినట్టు.

నాయన భుజం మీది తుండుగుడ్డ తడిపి పంపు చుట్టూ కప్పాడు. ఆవిరి లేచింది. కాసేపు ఆగి మళ్ళీ తడిపాడు. సీసాలో నీళ్ళు అయిపోయాయి. టీ కొట్టు వైపు చూస్తుంటే, వెనక సీట్లోంచి నీరుగట్టువారిపల్లె ఆవిడ తన బాటిల్ అందించింది. రోజుకి ఒక లీటరు దాటి తాగకూడదని ఆవిడకి చెప్పారు. ఆ బాటిల్ ఎప్పుడు చూసినా సగానికి పైగా నిండే ఉండేది. నాయన దాన్ని తీసుకుని, మూడోసారి గుడ్డ తడిపి, పంపు మీద పరిచి, స్టీరింగ్ ముందుకి వెళ్ళి కూర్చున్నాడు.